జారుడు

నవంబరు మొదలవగానే
మా ఇంట్లో సముద్రపు నాచు మాట ఎత్తడం మానేశారు.
నాచు పెంచే ఇల్లే మాది.
నాన్న రబ్బరు తొడుగులకు నాచు వాసన,
నా ట్యూషన్ ఫీజు రసీదులకు నాచు వాసన,
గోదాములో కప్పుదాకా ఎండు నాచు కట్టలే.
అయినా వంటింట్లోకి ఒక్క పోగు రాకూడదు.
జారుతుందట.
తింటే పరీక్షలో జారిపోతానట.

నాయనమ్మ మాత్రం పైకే అనేసింది:
"పద్దెనిమిదేళ్లు అదే తిని పెరిగింది కదే,
ఇప్పుడు కొత్తగా జారేదేముంది?"
అమ్మ జవాబివ్వలేదు.
గిన్నెలు గట్టిగా తోమింది.

చిక్కేమిటంటే
పరీక్ష రోజే నా పుట్టినరోజు.
మా వాన్డో దీవిలో పుట్టినరోజంటే కేకు తర్వాత, ముందు నాచు పులుసు.
కన్నతల్లి బాలింతగా తాగిన పులుసు
ఏటా ఆ పొద్దున బిడ్డ తాగాలి.
ఈ ఏడు నేను పుట్టడం వాయిదా పడింది.

జూన్ నమూనా పరీక్షలో నాలుగో గ్రేడు.
సెప్టెంబరులోనూ నాలుగే.
మొత్తం తొమ్మిది మెట్లు, ఒకటి అన్నిటికన్నా పైది.
బోంగ్ మాస్టారు రిజిస్టరులో నా పేరు పక్కన
పెన్సిలుతో చిన్న చుక్క పెట్టారు.
ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.
రెండు నెలలు ఆ చుక్క మీదే పడుకున్నాను,
పడుకున్న కాసేపు.

దాన్బి తన బల్ల మీద చీటీ అంటించుకుంది:
"నాలుగు గంటలు నిద్రపోతే సీటు, ఐదు పోతే లేదు."
దాని కింద నేను
"అసలే పోకపోతే?" అని రాశాను.
రబ్బరు తీసి చెరిపేసింది, నవ్వకుండా.
వేసవిలో అయితే నవ్వేది.

దీవిలో పరీక్ష కేంద్రం లేదు.
ముందురోజే బస్సెక్కి, వంతెన దాటి, హేనమ్ లాడ్జిలో
నలుగురం ఒకే గదిలో, వెచ్చటి నేల మీద,
అందరం నిద్ర నటిస్తూ.
తెల్లవారి గేటు దగ్గర జూనియర్లు డప్పు కొడుతున్నారు.
ఎవరో నా చేతిలో బంక మిఠాయి పెట్టారు,
సీటుకు అంటుకుపోవాలని.
ఒకటి జారుతుంది గనక తినకూడదు,
ఒకటి అంటుకుంటుంది గనక తినాలి.
నాకు ఆకలేస్తోందా అని ఎవరూ అడగలేదు.

ఒంటిగంటా పది.
ఇంగ్లిష్ వినే పరీక్ష.
దేశమంతా విమానాలు ఆగిపోతాయి.
గాల్లో ఉన్నవి దిగకుండా చుట్లు కొడతాయి,
మేం వినాలని.
ఆ మౌనంలో నా వాటా ఎంతో,
ముప్పై అయిదు నిమిషాలని అయిదు లక్షల మందికి పంచుతూ పోయి
రెండో ప్రశ్న పోగొట్టుకున్నాను.
స్పీకరులో ఒకామె, ఒకాయన
పోయిన లైబ్రరీ కార్డు గురించి మాట్లాడుకుంటున్నారు.
ముందు బల్ల పిల్ల ముక్కు ఎగబీల్చబోయి
ఎగబీల్చకుండా మింగేసింది.
ఆ మింగడం నాకు ఇంగ్లిషు కన్నా బాగా అర్థమైంది.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది.
ఎలా రాశావని ఎవరూ అడగలేదు.
అడగకపోవడం అందరూ కలిసి ప్రాక్టీసు చేసినట్టున్నారు.
పిడికెడు ఎండు నాచు నానితే బేసినంత అవుతుంది;
అమ్మ కంగారులో ఎన్ని పిడికిళ్లు వేసిందో,
కుండ అంచుదాకా పచ్చగా పొంగి ఉంది.
రెండు గిన్నెలు తాగాను.
జారుతూనే దిగింది. గొంతులో ఎక్కడా తట్టలేదు.
నాయనమ్మ అమ్మ వంక చూసి మీసం లేని చోట మెలేసింది.

నాన్న చాలాసేపు చేప ముళ్లు ఏరుతూ కూర్చుని,
తలెత్తకుండా అన్నాడు:
"ఒంటిగంటా పదికి పడవ ఇంజను ఆపేశాను.
వినే పరీక్ష అయ్యేదాకా
తాళ్ల మధ్య ఊరికే ఊగుతూ కూర్చున్నా.
నీకు మోత వినబడలేదు కదా?"

మధ్యలో ఒక సముద్రపు పాయ, ఒక వంతెన,
బస్సులో గంట దూరం.

"లేదు నాన్నా," అన్నాను.
"చిన్న చప్పుడు కూడా లేదు."